ప్రేమా, స్నేహమా అని అడిగిన చెల్లికి

"అక్కా, నాకు ఇరవై ఏడేళ్ళు. విశాఖ ఎం.వి.పి. కాలనీలో అమ్మతో ఉంటున్నాను. రుషికొండ వైపు ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం. ఇంజినీరింగ్ నుంచి నాకొక ఫ్రెండ్ ఉన్నాడు, తొమ్మిదేళ్ళ స్నేహం. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది, అప్పుడు హాస్పిటల్లో అన్నీ వాడే చూసుకున్నాడు. ఇప్పుడు వాడికి సంబంధాలు చూస్తున్నారు. కిందటి నెల విజయనగరంలో ఒక అమ్మాయిని చూసొచ్చారు, ఇంకా ఏదీ ఖాయం కాలేదు. ఆ సంగతి విన్నప్పటి నుంచి నా మనసు ఐదు నిమిషాలు ఒకచోట నిలవడం లేదు. రాత్రి రెండింటి దాకా పాత చాట్లు చదువుతాను. వాడు ఆన్‌లైన్‌లో ఉండి కూడా రిప్లై ఇవ్వకపోతే గుండె దడ. పైకి మాత్రం 'అమ్మాయి బాగుందిరా, ఒప్పేసుకో' అన్నాను. చలం పుస్తకాలు చదువుతుంటే ఇది ప్రేమే అనిపిస్తుంది. పొద్దున్న లేస్తే, ఉన్న స్నేహాన్ని చేతులారా పాడుచేసుకుంటున్నానేమో అని భయం. ఇది ప్రేమా, స్నేహమా? వాడికి చెప్పాలా, వద్దా?"

చెల్లీ,

నువ్వు రాసింది నాలుగు పేజీలు, పైన కుదించి పెట్టాను. రెండుసార్లు ఊరికే చదివాను, మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. 'వాడు' అన్న మాట నలభైకి పైనే ఉంది. నాన్న ఒక్కసారే వచ్చారు, అది కూడా సగం వాక్యంలో. ఆయన పోయారని రాసి, కామా పెట్టి, వెంటనే వాడి దగ్గరికి వెళ్ళిపోయావు. నేను మాత్రం ఆ కామా దగ్గరే ఆగిపోయాను.

ఇదంతా ప్రేమ కాదమ్మా, నాన్న పోయిన బాధ, అని తేల్చేసి పంపించెయ్యడానికి ఈ మాట అనడం లేదు. నీ వయసులో నాతో ఎవరైనా అలా అని ఉంటే నేను వాళ్ళ మొహం మళ్ళీ చూసేదాన్ని కాదు. నీకు వాడంటే ఇష్టం ఉంది, అది నీ ఉత్తరంలో ఎక్కడ చూసినా తెలుస్తూనే ఉంది. నేను అడిగేదల్లా ఒకటే. ఈ దడ, ఈ నిద్ర పట్టకపోవడం, ఫోన్ కింద పెట్టిన రెండో నిమిషంలోనే చెయ్యి మళ్ళీ దాని మీదకి పోవడం, ఇదంతా వాడి ఒక్కడి వల్లేనా?

మన బీచ్ సంగతే తీసుకో. ఆర్కే బీచ్‌లో ఇసుక కోసుకుపోయిన ప్రతిసారీ సముద్రం ముందుకొచ్చేసింది అనుకుంటాం, కోస్టల్ బ్యాటరీ దగ్గర గట్టు కూలితే కెరటాలని తిట్టుకుంటాం. కానీ మన తీరం వెంబడి ఇసుక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి. 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టినప్పుడు సముద్రంలోకి పెద్ద పెద్ద రాళ్ళతో గోడలు వేశారు. అప్పటి నుంచి దక్షిణం నుంచి రావలసిన ఇసుక అక్కడే ఆగిపోతోంది. కెరటాలు మాత్రం ఇక్కడి ఇసుకని ఎప్పట్లాగే తీసుకుపోతూనే ఉన్నాయి. అందుకే పోర్టు వాళ్ళు అక్కడ పోగుపడినదాన్ని డ్రెడ్జర్లతో తోడి, నీళ్ళతో కలిపి, పైపుల్లోంచి తెచ్చి మన బీచ్‌లో పోస్తుంటారు. ఎప్పుడైనా చూశావో లేదో, నల్లటి బురదనీళ్ళలా వచ్చి పడుతుంది, రెండు మూడు రోజులు ఎండితే మామూలు ఇసుకైపోతుంది. కోత కనబడేది ఒకచోట, దాని కారణం ఉండేది ఇంకోచోట.

నాన్న ఉన్నన్నాళ్ళు నీకూ రోజూ ఎక్కడి నుంచో ఇసుక వచ్చిపడుతూ ఉండేది. తిన్నావా అని ఒక మాట, ఇంకా పడుకోలేదా అని ఇంకో మాట, హెల్మెట్ పెట్టుకోమని గేటు దాకా వెనకే రావడం. మీ నాన్నగారు ఎలాంటి మనిషో నాకు తెలియదు, నువ్వు రాయలేదు, కానీ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఇలాంటిది ఉంటుంది. అది ఒకరోజు ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాడు వచ్చి, హాస్పిటల్ క్యాంటీన్ నుంచి ఇడ్లీలు తెచ్చిపెట్టి, మందుల షాపుకి, బిల్లు కౌంటర్‌కి తిరిగి, రాత్రుళ్ళు కారిడార్‌లో బెంచీ మీద పడుకుని, ఆ ఖాళీ కొంత పూడ్చాడు. ఇవన్నీ నీ రెండో పేజీలో ఉన్నాయి. ఇప్పుడు వాడూ వెళ్ళిపోతాడేమో అనేసరికి మనసు గాభరా పడింది. పడదా మరి? ఒకసారి కోత చూసిన మనసు అది.

శాకుంతలం అయిదో అంకంలో ఒక ఘట్టం ఉంది, నీలాంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. దుష్యంతుడు కొలువులో పనులు ముగించుకుని కూర్చుని ఉంటాడు. లోపల ఎక్కడో హంసపదిక పాడుతూ ఉంటుంది. ఆ పాట వినేసరికి రాజుకి ఎక్కడలేని బెంగ పట్టుకుంటుంది. నాకు ఇష్టమైనవాళ్ళెవరూ దూరం కాలేదే, ఎందుకు ఇంత బెంగగా ఉంది అని తనలో తానే అనుకుంటాడు. అందమైనవి చూసినా, మధురమైన శబ్దాలు విన్నా సుఖంగా ఉన్న మనిషికి కూడా మనసు కలతపడుతుందంటే, పాత జన్మల స్నేహాలు ఏవో తెలియకుండానే తలపుకి వస్తున్నాయన్నమాట, అని సర్దిచెప్పుకుంటాడు. కాళిదాసు అక్కడ వేసిన మాట 'జననాంతర సౌహృదాని'. ప్రేమ అనలేదు చూడు, సౌహృదం అన్నాడు. ఇంతకీ అసలు సంగతి మనకి తెలుసు, పాపం రాజుకి తెలియదు. శాపం వల్ల శకుంతలని మరిచిపోయాడు. ఆమె ఆ కాసేపట్లోనే వచ్చి ఎదురుగా నిలబడుతుంది, అప్పటికీ గుర్తుపట్టలేడు. బెంగ మాత్రం ఆమె కంటే ముందే వచ్చేసింది. ఆ బెంగ నిజం, దానికి రాజు పెట్టుకున్న పేరే తప్పు.

మనసుకి కలత ముందు వస్తుంది, పేరు తర్వాత వెతుక్కుంటుంది. చేతికి ఏ పేరు దగ్గరగా దొరికితే అది తగిలించేస్తుంది. నీకు దగ్గరగా ఉన్నది వాడి పేరు. రాత్రి రెండింటికి, పక్కన చలం పుస్తకం తెరిచి ఉన్నప్పుడు, ఇంకో పేరు ఎలా తోస్తుంది? చలం నాకూ ఇష్టమే, నీ వయసులో నేనూ గీతలు గీసుకుని చదివాను. ఆయన రాసిన ప్రేమ అబద్ధమని అనను. కానీ ప్రేమ గురించి అంత రాసిన మనిషి 1950లో అరుణాచలం వెళ్ళి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడన్నది కూడా ఆయన కథే కదా. ఆ మనసు పుస్తకాల్లో తీరంది ఏదో వెతుక్కుంటూ వెళ్ళింది. నువ్వు రాత్రి చదివే నాలుగు పేజీల్ని పట్టుకుని నీ జీవితానికి తీర్పు చెప్పించుకోకు.

నువ్వు మనసు కల్లోలాన్నే ప్రేమకి కొలతగా పెట్టుకున్నావు. ఇంత దడ ఉందంటే ఇది ప్రేమే అయ్యుండాలి, అంటావు. ఇక్కడ నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నువ్వప్పుడు స్కూల్లో ఉండి ఉంటావు, నీకూ గుర్తుండే ఉంటుంది, ఆ గాలి చప్పుడు విన్నవాళ్ళెవరూ మరిచిపోరు. నేను పెదవాల్తేరులో ఉండేదాన్ని. నా స్నేహితురాలు ఒకావిడ మురళీనగర్‌లో. అప్పటికి రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. ఒక పెళ్ళిలో అందరి ముందూ అనుకున్న మాట, అది పట్టింపుగా మారి, ముందు నువ్వు ఫోన్ చెయ్యి అంటే ముందు నువ్వు చెయ్యి అని ఇద్దరం బిగుసుకుని కూర్చున్నాం. తుపాను మర్నాడు కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యడం లేదు, ఏ రోడ్డు చూసినా చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, పాల ప్యాకెట్ దొరకడం గగనం. మధ్యాహ్నం పన్నెండూ ఒంటిగంట మధ్య తలుపు చప్పుడైంది. తీస్తే అది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని, తెగిన చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతిలో గుడ్డసంచి. కొమ్మలు దాటుకుంటూ, తీగల కింద వంగుకుంటూ, పొద్దున్న ఎప్పుడో బయల్దేరింది. సంచిలో రెండు కొవ్వొత్తులు, ఒక అగ్గిపెట్టె, బిస్కెట్ ప్యాకెట్, సీసాతో నీళ్ళు. "బాగానే ఉన్నావు కదే. గ్యాస్ ఉందా, టీ పెట్టు" అంది. అంతే. ఆ పెళ్ళి మాట ఎవరం ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తలేదు. దాని కాలి బొటనవేలికి ఏదో గీసుకుపోయి రక్తం గడ్డకట్టి ఉంది, నేను పసుపు పెడుతుంటే అది టీ ఊదుకుంటూ కూర్చుంది.

ఆ రెండేళ్ళలో దాన్ని తలుచుకుని నేను నిద్ర మానుకున్న రాత్రి ఒక్కటీ లేదు. దడ లేదు, పాత ఉత్తరాలు తీసి చదవడం లేదు. మనసు కల్లోలమే కొలత అయితే మా ఇద్దరి మధ్యా ఏమీ లేనట్టే లెక్క. కానీ నా అనుకునే మనుషుల్ని చెప్పమంటే ఇవాళ్టికీ మొదట దాని పేరే చెప్తాను.

కాబట్టి వాడి గురించి రాత్రి ఆలోచించకు. ఒక మామూలు రోజు, ఆఫీసులో పని ఒత్తిడి లేని రోజు, కడుపునిండా తిని రాత్రి సరిగ్గా నిద్రపోయి లేచిన ఉదయం ఆలోచించు. వాడు పక్కన ఉంటే బాగుండును అని అప్పుడు కూడా అనిపిస్తుందా? వాడి జీవితంలో వాడు వేసే వెధవ జోకులు, చిరాకులు, వాళ్ళమ్మగారి మడి, వాడి అప్పులు, వీటన్నిటితో కలిపి అనిపిస్తుందా? వాడు నీకు ఏం చేస్తాడని కాక, వాడికి నువ్వు ఏం చెయ్యాలనుకుంటున్నావో తోస్తుందా? పద్నాలుగు నెలల కిందట హాస్పిటల్లో కనబడిన వాడు ఒక్కడే మనసులో మెదులుతుంటే, అది కృతజ్ఞత. చాలా గొప్ప విషయం, కాదనను, కానీ దాని మీద పెళ్ళి నిలబెట్టకూడదు. హాస్పిటల్‌కి ముందటి ఏడెనిమిదేళ్ళలోని వాడు కూడా కళ్ళ ముందుకు వస్తే, అప్పుడు నువ్వు అనుకుంటున్నది నిజమే కావచ్చు.

ఇక ప్రేమా స్నేహమా అని రెండు గదులు కట్టి, నన్ను ఏ గదిలో కూర్చోమంటారు అని అడుగుతున్నావు. ఆ గోడ ఉండాలని ఎవరు చెప్పారు నీకు? మన పక్క ఊరి మనిషి గురజాడ, యలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టి విజయనగరంలో బతికినాయన, వందేళ్ళకి ముందే 'కాసులు' అనే గేయంలో ఒక భర్త చేత భార్యకి చెప్పించాడు, "మరులు ప్రేమని మది తలంచకు" అని. మరులు, అంటే మోహం, వయసుతో పాటే మరలిపోతాయట, మాయమర్మం లేని నేస్తమే ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా బతుకులో రాజమార్గమట. భార్యాభర్తల మధ్య మాట చెబుతూ ఆయన వేసిన పదం నేస్తం. ఆయన గోడ కట్టింది మరులుకీ ప్రేమకీ మధ్య. ప్రేమకీ నేస్తానికీ మధ్య గోడ లేదు. నా మటుకు నాకు మన భాషలో ప్రేమ గురించి ఎవరు చెప్పిన మాటలైనా దీని తర్వాతే.

మాయమర్మం లేని నేస్తం. ఆ మాట దగ్గర నిన్ను కాస్త గట్టిగానే నిలదీస్తాను, ఏమనుకోకు. స్నేహం పాడవుతుందేమో అని భయపడుతున్నావు కదా, అది పాడవడం మొదలైంది, "అమ్మాయి బాగుందిరా, ఒప్పేసుకో" అన్న రోజునే. తొమ్మిదేళ్ళలో వాడితో నువ్వు ఆడిన పెద్ద అబద్ధం అదే అయి ఉంటుంది. వాడు నీ మాట మీద గురితో అడిగి ఉంటాడు. నువ్వు లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అన్నావు. నీ దడలో సగం దీనివల్ల అని నాకు అనిపిస్తోంది. నిజం దాచుకున్న మనిషి ఎదుటివాడి ఆన్‌లైన్ చుక్కని కూడా అనుమానంగానే చూస్తుంది.

అందుకని, చెప్పు. ఇదే నా సమాధానం. ఎలా చెప్పాలో కూడా చెప్తాను.

వాట్సాప్‌లో వద్దు. రాత్రి వద్దు. నాన్న తిథి దగ్గరపడినప్పుడో, ఆఫీసులో గొడవ పడి వచ్చిన రోజో అసలే వద్దు. ముందు ఒక పది రోజులు నిద్ర సరిచేసుకుని ఆ తర్వాత వాణ్ణి రమ్మను. మీకు అలవాటైన చోటికే పిలువు, తెన్నేటి పార్కో, బీచ్ రోడ్డులో మీరెప్పుడూ కూర్చునే ఏ గట్టో. చెప్పవలసింది నాలుగు ముక్కలు. ఆ రోజు అమ్మాయి బాగుంది అన్నాను, మనసులో అలా లేదు, నీకు అబద్ధం చెప్పాను. నాన్న పోయాక నా మనసు నా చేతుల్లో లేదు, అందువల్ల నాకే పూర్తిగా తెలియడం లేదు. కానీ నువ్వంటే నాకు స్నేహం కంటే ఎక్కువే ఉంది. నువ్వు ఇప్పుడే ఏమీ చెప్పక్కర్లేదు. ఇవి చెప్పి ఊరుకో, వాడు కాసేపు మాట్లాడకపోతే ఆ ఖాళీని నీ మాటలతో నింపకు. నువ్వు లేకపోతే నేను ఏమైపోతానో లాంటి మాటలు మాత్రం ఎంత ఏడుపొచ్చినా అనకు, అవి విన్నవాడు ప్రేమించడు, జాలిపడతాడు, లేదా భయపడతాడు.

విజయనగరం అమ్మాయి కూడా ఒక మనిషి, నీ ఉత్తరంలో ఆమె ఊసు ఒక్క లైనే అయినా. చూసి వెళ్ళినవాళ్ళ కబురు కోసం ఆమె ఇంట్లో ఎదురుచూస్తూ ఉంటారు. అందుకే ఈ మాట తాంబూలాలకి ముందే జరగాలి. నువ్వు ఇది చదివేసరికి అక్కడ తాంబూలాలు పుచ్చుకుని ఉంటే మాత్రం వాడికి చెప్పకు. అప్పుడు ఆ బరువు నాకు రాయి, ఎన్ని పేజీలైనా చదువుతాను.

వాడు కాదంటే? అనొచ్చు. అంటే కొన్ని నెలలు కష్టంగా ఉంటుంది, ఫోన్లు తగ్గుతాయి, ఇదివరకటి చనువు ఉండదు. అది నేను దాచను. కానీ పూర్తిగా పోతుందని అనుకోను, హాస్పిటల్ బెంచీ మీద పడుకున్నవాడు ఒక నిజం విన్నందుకు పారిపోడు.

మనసు నిలవడం లేదు అన్నావు. ఈ బాధని మన దేశంలో అందరికంటే గొప్పగా చెప్పినవాడు అర్జునుడు. గీతలో ఆరో అధ్యాయం, "చంచలం హి మనః కృష్ణ" అని మొదలుపెట్టి, దీన్ని పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టం అంటాడు. ఎవరితో అన్నాడు? ఎన్నో ఏళ్ళుగా భుజం మీద చెయ్యేసి తిరిగిన స్నేహితుడితో. ఆ స్నేహితుడు ఏమన్నాడో చూడు. ఛ, నీలాంటి వీరుడు అలా అనకూడదు అనలేదు. "అసంశయం" అన్నాడు, సందేహమే లేదు, నువ్వన్నది నిజమే, అది చాలా కష్టం అని ముందు ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే అభ్యాసం, వైరాగ్యం అని దారి చెప్పాడు. ముందు కష్టాన్ని ఒప్పుకునేవాడే మనకి కావలసిన మనిషి. కాబట్టి నేనూ ఒప్పుకుంటున్నాను, నీకు చాలా కష్టంగా ఉంది.

వైరాగ్యం నీ వయసుకి నేను చెప్పను. అభ్యాసం మాత్రం చెప్తాను, చాలా చిన్నవి. రాత్రి పదింటికి ఫోన్ హాల్లో ఫ్రిజ్ మీద పెట్టి నీ గదిలోకి వెళ్ళు, అలారానికి చిన్న గడియారం కొనుక్కో. పాత చాట్లు చెరిపెయ్యకు, ఆర్కైవ్‌లో పడెయ్యి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే వేళకి వెళ్ళి నడువు, పాటలు పెట్టుకోకుండా, సముద్రం చప్పుడు వింటూ. మనసు వాడి మీదకి పోతే పోనీ, మళ్ళీ కాళ్ళ మీదకి తెచ్చుకో. వందసార్లు పోతుంది, వందసార్లు తెచ్చుకో, అభ్యాసం అంటే ఇంతే. ఇన్ని చేసినా రెండు మూడు వారాల్లో నిద్ర దారికి రాకపోతే, తిండి సయించకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్ళు, అందులో నామోషీ ఏమీ లేదు. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ (మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్) వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే, రాత్రైనా పగలైనా. ఎప్పుడైనా బతకాలనిపించడం లేదన్న ఆలోచన వచ్చిందా, వారాలు లెక్కపెట్టకుండా ఆ క్షణమే చెయ్యి, అమ్మని లేపు.

అమ్మ గురించి నువ్వు ఏమీ రాయలేదు, అమ్మతో ఉంటున్నాను అన్న రెండు మాటలు తప్ప. నువ్వు రెండింటి దాకా మేలుకుని ఉన్న రాత్రుళ్ళు పక్క గదిలో ఆవిడ నిద్రపోతోందని నీకు ఎలా తెలుసు? నీకు నాన్న పోయిన రోజునే ఆవిడకి ఆయన పోయారు. నిన్ను కంగారుపెట్టడం ఎందుకని ఆవిడా, ఆవిడని ఏడిపించడం ఎందుకని నువ్వూ, ఇద్దరూ ఆయన పేరు ఎత్తకుండా పద్నాలుగు నెలలు నెట్టుకొచ్చి ఉంటారు. చాలా ఇళ్ళల్లో చూశాను నేను.

ఈ ఆదివారం పొద్దున్నే ఆవిడని తీసుకుని మీ రైతుబజారుకి వెళ్ళు. సంచి నువ్వు పట్టుకో. నాన్న ఏ కూరలు ఏరి తెచ్చేవారో, ఏవి తెస్తే ఆవిడ విసుక్కునేదో అడుగు. వంకాయలు ఏరుకుంటూ నిలబడినప్పుడు ఆ మాటలు ఇంట్లో కంటే తేలిగ్గా వస్తాయి. అక్కడ ఆవిడ కళ్ళు తుడుచుకుంటే తుడుచుకోనీ, తొందరపడి ఇంటికి తెచ్చెయ్యకు.

వాడితో మాట్లాడాక నాకు రాయి, వాడు ఏమన్నా సరే. ఈసారి నాన్న గురించి కూడా ఒక పేజీ రాయి.

నీ అక్క